ఉదయగిరి కొండ కింద బస చేసే ఇల్లు కావాలి

సంపాదకులకు,

అయ్యా,

వేసవి సెలవులు వస్తే నెల్లూరు కుటుంబాలు చల్లదనం కోసం ఊటీకో కొడైకెనాల్‌కో, కాస్త స్తోమతు ఉంటే హిమాచల్ ప్రదేశ్‌కో బయలుదేరడం ఇప్పుడు మామూలైంది. ఈ వేసవిలో మా కుటుంబం కులు లోయలోని నగ్గర్ గ్రామానికి వెళ్ళి, అక్కడి పాత రాజుల కోటలో బస చేసి వచ్చింది. ఆ బస ఎలాంటిదో పాఠకులకు తెలియజేసి, దాని ఆధారంగా మన ఉదయగిరి విషయంలో ప్రభుత్వానికి ఒక విన్నపం చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

కోట అనగానే మనకు బురుజులు, కందకాలు గుర్తుకొస్తాయి కానీ, నగ్గర్ కోట నిజానికి బియాస్ నది లోయను చూస్తూ కొండ వాలు మీద నిలిచిన ఒక పెద్ద రాతి ఇల్లు. కులు రాజైన సిధ్ సింగ్ సుమారు 1460లో దీన్ని కట్టించాడని చెబుతారు. పదిహేడో శతాబ్దంలో కులు రాజధాని నగ్గర్ నుంచి దిగువకు మారిన తర్వాత ఇది చేతులు మారుతూ వచ్చి, ఆంగ్లేయుల కాలంలో ప్రభుత్వ కచేరీగానూ విశ్రాంతి గృహంగానూ పనికొచ్చింది. 1978లో ఆ రాష్ట్ర పర్యాటక సంస్థ దీన్ని తీసుకొని యాత్రికుల బసగా మార్చి, ఇప్పటికీ తానే నడుపుతోంది.

ఆ గోడల నిర్మాణాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు. దేవదారు దూలాలను వరుసగా పరిచి, వాటి మీద రాళ్ళు పేర్చి, మళ్ళీ దూలాలు, మళ్ళీ రాళ్ళు, ఇలా సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా గోడను పైకి లేపుతారు. అక్కడివారు కాఠ్-కునీ అని పిలిచే ఈ పద్ధతిలో మూలల దగ్గర దూలాలు ఒకదానిలో ఒకటి కూర్చుని ఉండడం వల్ల, భూమి కంపించినప్పుడు గోడ విరిగిపోకుండా కొద్దిగా కదిలి సర్దుకుంటుంది. 1905 ఏప్రిల్ 4న కాంగ్రాలో వచ్చిన భూకంపం సుమారు ఇరవై వేల మందిని బలి తీసుకోగా, ఈ కట్టడం మాత్రం చెక్కుచెదరలేదు. గోడలు మందంగా, కిటికీలు చిన్నవిగా ఉండడం చేత బయట చలిగాలి వీస్తున్నా గది లోపల వెచ్చగా ఉంటుంది. కొయ్య వసారాలో కూర్చుంటే లోయ అంతా కనిపిస్తుంది. పైకప్పు పలకరాతిది. మార్కాపురం పలకల మీద ఓనమాలు దిద్దుకున్న మా తరం వారికి ఆ కప్పును చూస్తే కలిగే ఆత్మీయత వేరు.

ఆవరణలోనే జగతీపట్ అనే చిన్న గుడి ఉంది. ఊరివారు మొక్కుకోవడానికి లోపలికి వస్తూ పోతూ ఉంటారు కనుక, బస చేసినవారు గ్రామానికి దూరంగా, వేరుగా ఉన్నట్టు అనిపించదు. గోధుమపిండిని పులియబెట్టి, లోపల గసగసాలో అక్రోటు పొడో పెట్టి ఆవిరి మీద ఉడికించే సిద్దూ అనే వంటకాన్ని అక్కడి ఇళ్ళలో తిన్నట్టే నెయ్యి వేసుకుని తిన్నాము. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది వేరొకటి. మనుషులు ఉంటున్నారు కనుకనే ఆ ఇల్లు నిలబడి ఉంది. రోజూ ఊడుస్తారు, పలక జారితే సరిచేస్తారు, ఆ కొయ్యపని తెలిసిన వడ్రంగులకు పని దొరుకుతుంది. తాళం వేసి వదిలేసిన పాత భవనానికి ముందు కప్పు, తర్వాత తలుపులు, చివరకు గోడలు పోవడం మనం మన ప్రాంతంలోనే చూస్తున్నాము.

ఇక ఉదయగిరి సంగతి. నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, 3,000 అడుగులకు పైగా ఎత్తున్న సంజీవి కొండ మీద ఆ దుర్గం ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి ప్రారంభించి 1514లో గాని దాన్ని ఒడిశా గజపతి రాజుల నుంచి సాధించలేకపోయాడంటే ఆ కొండ ఎంత దుర్భేద్యమో ఊహించవచ్చు. అక్కడి నుంచి ఆయన తీసుకువెళ్ళి హంపీలో ప్రతిష్ఠించిన బాలకృష్ణ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఇంత చరిత్ర ఉన్న చోటికి వచ్చినవారు ఏం చేస్తున్నారు? పొద్దున వచ్చి, ఎండలో సగం కొండ ఎక్కి, చీకటి పడకముందే బస్సో కారో ఎక్కి తిరుగుముఖం పడుతున్నారు. పిల్లలతో, పెద్దలతో రాత్రి నిశ్చింతగా ఉండి తెల్లవారుజామున కొండ ఎక్కడానికి అనువైన ఇల్లు కొండ దిగువన ఉంటే ఈ హడావిడి ఉండదు.

నగ్గర్‌ను చూసి దేవదారు ఇల్లు ఇక్కడ కట్టమని నేను కోరడం లేదు. ఈ ఎండకు మన పెద్దలు కనిపెట్టిన ఇల్లు మనకు ఉంది: మందపాటి రాతి గోడలు, కొయ్య దూలాల మీద ఇటుక, సున్నంతో వేసే మద్రాసు మిద్దె, నడుమ మండువా, ముందు ఎత్తైన అరుగులు. మార్కాపురం రాయి దగ్గరలోనే దొరుకుతుంది. భోజనానికి సద్ద రొట్టె, సంగటి, గోంగూర పచ్చడి పెడితే చాలు, ఉత్తరాది వంటల జాబితా అక్కర్లేదు. వడ్డించడానికి ఉదయగిరి చేతివృత్తివారు చెక్కే కొయ్య గరిటెలు, చెంచాలు ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పనిలో ఎందరో స్త్రీలు బతుకుతున్నారు. ఆ ఇంటి నిర్వహణను స్థానిక మహిళా సంఘాలకే అప్పగిస్తే యాత్రికుడు పెట్టిన ఖర్చు ఆ ఊళ్ళోనే నిలుస్తుంది.

దుర్గంలోని పాత కట్టడాలను మాత్రం ఎవరూ గదులుగా మార్చకూడదు. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాన్ని చట్టం నిషేధించింది. ఉదయగిరిలో ప్రతి పాత కట్టడానికీ కనీసం ఆ దూరం పాటించాలి. కొండ మీద దీపాలు, దుకాణాలు వద్దు. బస కొండ కిందే ఉండాలి.

పర్యాటక శాఖ అధికారులు ముందుగా ఉదయగిరి పరిసరాల్లో వాడకంలో లేని పాత ప్రభుత్వ బంగళాలు, విశ్రాంతి గృహాలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీయించి, బాగుచేయదగిన ఒక్కదాన్ని ఎంచుకొని, నాలుగైదు గదులతోనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాను. గది అద్దె ఉపాధ్యాయులు, చిరుద్యోగులు భరించగలిగేటట్టు ఉండాలి. మన జిల్లాలో వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కనుక, ఆ తర్వాత కొండలు పచ్చగా, ఎండ మెత్తగా ఉండే సంక్రాంతి సెలవులకు తలుపులు తెరిచేలా ఇప్పటినుంచే మరమ్మతులకు నిధులు కేటాయించాలని జిల్లా యంత్రాంగానికి నా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
నెల్లూరు