వెనక సీటు తిరగేస్తే

ఒరేయ్ మేస్త్రీ,

నీ ఉత్తరం వచ్చి చాలాకాలమైంది. ఆలస్యానికి క్షమించు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, పాప బడికి వెళ్తోంది, ఉద్యోగం సాగుతోంది, డెట్రాయిట్‌లో చలి ఇంకా పోలేదు. మిగతావన్నీ ఫోనులో. ఇప్పుడు చెప్పబోయేది నీకు తప్ప ఇంకెవరికి చెప్పినా సగమే అర్థమవుతుంది. అందుకే రాస్తున్నాను.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నారని చెప్పాను కదా. ఆయన దగ్గర 1970 డాడ్జ్ చాలెంజర్ ఆర్/టీ ఉంది, అమెరికా కారు, చాలెంజర్‌లలో జోరైన రకం. వంకాయ రంగు. డాడ్జ్ కంపెనీ దానికి పెట్టిన పేరు ప్లమ్ క్రేజీ. 383 ఘనపుటంగుళాల ఇంజిను. ఇంజిను గురించి పొగిడేవాళ్లు ఊరినిండా ఉన్నారు, ఆ మాట వదిలేయ్. నేను చెప్పేది లోపలి సంగతి. సీట్లు, తలుపులు, కార్పెట్, అంతా నలుపే. ఫ్యాక్టరీ నుంచి ఇలాగే వచ్చిందని అమ్మినవాళ్లు ఆయనకు చెప్పారట. ఆయన ఈ కారును మనవడికి ఇవ్వబోతున్నారు. ఇచ్చేముందు ఏది అసలుదో, ఏది తర్వాత వేసిందో ఒక పుస్తకంలో రాసిపెట్టాలని ఆయన పట్టుదల. 'సీట్ల సంగతి తెలిసిన స్నేహితుడు నీకున్నాడు కదా' అని నన్ను పిలిచారు. చూశావా, నీ పేరు ఇక్కడిదాకా వచ్చింది!

ముందు సీట్లు చూడగానే అనుమానం వచ్చింది. రెగ్జిన్ మరీ నున్నగా ఉంది, కూర్చునే చోట ఒక్క ముడత లేదు. ఈ సీట్ల మీద నిలువు గీతలు కుట్టినవి కావు, వేడితో అచ్చొత్తినవి. నకలు చేసేవాళ్లు కూడా అలాగే అచ్చొత్తుతారు కాబట్టి గీతలు చూసి తేల్చలేం. మీ నాన్నగారు ఆటోనగర్ షెడ్డులో ఏమనేవారు? 'సీటును పైనుంచి కాదురా, కిందినుంచి చదవాలి.' సంచి కథ గుర్తుందా? ఆ రోజు ఆయన ముఖం! సరే, ఆ కథ మళ్లీ మొదలుపెడితే కాగితం చాలదు.

ముందుగా రేకు సంగతి. బానెట్ ఎత్తితే ఎడమ ఫెండరు (ముందు చక్రం పైభాగం) లోపలి వైపు, కారు వివరాలు కోడ్‌లో గుద్ది బిగించిన చిన్న రేకు ఒకటి ఉంటుంది. దాన్ని కింది వరుస నుంచి పైకి చదవాలి. ఇంజిను, గేరుపెట్టె, బండి నంబరు కింద వరుసలో ఉంటాయి. ఈ కారు నంబరు జేఎస్23ఎన్0బీ అని మొదలవుతుంది: ఆర్/టీ హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు), 383 ఇంజిను, 1970 మోడల్, హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ. పై వరుసలో రంగు ఎఫ్‌సీ7. పక్కనే లోపలి అలంకరణ: హెచ్6ఎక్స్‌డబ్ల్యూ. 6 అంటే రెగ్జిన్ బకెట్ సీట్లు, ముందు విడివిడిగా ఉండేవి. నలుపైతే చివర ఎక్స్9 ఉండాలి. ఎక్స్‌డబ్ల్యూ అంటే తెలుపు! తెల్ల సీట్లు, తెల్ల తలుపు ప్యానెళ్లు; కార్పెట్, డాష్‌బోర్డు మాత్రం నలుపు. తయారీ తేదీ గడిలో బీ17. ఈ లెక్కలో అక్టోబర్ ఏ, నవంబర్ బీ, డిసెంబర్ సీ. అంటే 1969 నవంబర్ 17; 1970 మోడల్ తయారీ ముందు ఏడాదే మొదలైంది.

అయితే రేకును నమ్మొచ్చా? కొత్తగా కొట్టించి అంటించేవాళ్లు ఉన్నారు. అందుకని అద్దం కింద డాష్‌బోర్డు మీదున్న నంబరుతోనూ, రేడియేటర్‌ను పట్టే అడ్డపట్టీ మీద గుద్దిన నంబరుతోనూ పోల్చాం. మూడూ సరిపోయాయి. పెద్దాయన ఏమీ అనలేదు, కళ్లజోడు తుడుచుకుంటూ నిలబడ్డారు.

ఇక వెనక సీటు. ముందు అంచు నొక్కి పైకెత్తితే దిండు ఊడివచ్చింది. తిరగేశాం. స్ప్రింగుల మధ్య మడతలు పడిన కాగితం! తయారీ వరుసలో ఏ కారుకు ఏ భాగం వేయాలో పనివాళ్లకు చెప్పే అచ్చు కాగితం అది. దాన్ని బ్రాడ్‌కాస్ట్ షీట్ అంటారు. వెనక సీటు స్ప్రింగుల్లో, పెట్రోలు ట్యాంకు పైన, గ్లవ్ బాక్సు మీద దొరుకుతుంటుంది. నా చేతులు వణికాయిరా. మెల్లగా విప్పి నంబరు చూస్తే... ఈ కారుది కాదు. వేరే చాలెంజర్‌ది. పనివాళ్లు చేతికందిన కాగితాన్ని ఏదో ఒక సీటులో దోపేసేవారట, అలా తారుమారైనవి చాలా ఉన్నాయి. ఎక్కడో ఒకాయన తన కారు కాగితం కోసం ఏళ్లుగా వెతుకుతూ ఉంటాడేమో. ఆ హామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది, కూల్చేసి అక్కడ జనరల్ మోటార్స్ వేరే ఫ్యాక్టరీ కట్టింది. ఆ నంబరు కారు ఇంకా ఉందో, తుక్కులో కలిసిందో... నేను వెతుకుతాను. తప్పకుండా వెతుకుతాను.

నిరాశగా దిండును పక్కన పెట్టబోతుంటే అంచు కనబడింది. రెగ్జిన్‌ను లోపలికి మడిచి ఇనప రింగులతో బిగించిన చోట, నల్లరంగు చేరని ఆ వేలెడు మేర, తెలుపు! పాలతెలుపు కాదు, వయసుతో కాస్త పసుపు తిరిగిన తెలుపు. ఎవరో అసలు రెగ్జిన్ మీదే నల్లరంగు పూశారు. తలుపు ప్యానెల్ విప్పి వెనక్కి తిప్పితే అదీ తెల్ల ప్లాస్టిక్కే. అంటే ముందు సీట్ల తొడుగులు నకలు, వెనక సీటు, తలుపులు అసలువి, పైన మాత్రం రంగు. సీటు బెల్టులు కూడా అసలువే అనిపిస్తోంది, కుట్టిన చీటీ మీద తేదీ కారు తేదీ కంటే ముందుంది. తర్వాతి తేదీ ఉంటే బండితో పుట్టినవి కావని తేలిపోయేది.

పెద్దాయన ఇప్పుడు కొత్త తెల్ల తొడుగులు తెప్పించి అన్నీ మార్చేద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. 1969లో ఆ రింగులు బిగించిన చేతుల పని అది. పగుళ్లున్నా సరే ఉండాలి. ముందు సీట్లకు కొత్తవి వేసుకోవచ్చు, వెనకది తీసేస్తే మళ్లీ దొరకదు. గట్టిగానే చెప్పాను. ఆయన ఆలోచిస్తానన్నారు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. పాత రెగ్జిన్ మీద పూసిన రంగును, కింద పొర ఎండి పగలకుండా తీసే దారి ఉందా? థిన్నర్ పెడితే గట్టిపడుతుందని నాన్నగారు అనేవారు, అది గుర్తుంది. సబ్బునీళ్లతో మూలన కొద్దిగా చూడనా, లేక అసలు ముట్టుకోవద్దంటావా? నాన్నగారినే అడిగి రాయి. అంచు ఫోటోలు వేరుగా పంపుతాను, రింగుల మధ్య దూరం కూడా కొలిచి రాస్తాను.

పాపను బడి నుంచి తీసుకురావాలి, ఇప్పటికే ఆలస్యమైంది. చెల్లెమ్మను అడిగానని చెప్పు. రంగు సంగతి మాత్రం వెంటనే రాయి!

నీ
తాళంచెవి