చెరువు నాచు, కిడ్నీ, నా గైడ్ వేట

శ్రీకాకుళం

ఒరే రమణా,

ఫోన్లో చెబితే తెమిలేది కాదని రాస్తున్నాను. తీరిగ్గా చదువుకో. పీహెచ్‌డీ చెయ్యడానికిచ్చే ఫెలోషిప్పు, జేఆర్‌ఎఫ్, నాకు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్ళంతా "నెలకి 37 వేలట కదేటి" అని అడిగేవాళ్ళే తప్ప, ఏం చదువుతావురా అన్నవాడు ఒక్కడూ లేడు. నువ్వైనా అడుగుతావని ఆశ. అడక్కపోయినా చెబుతాననుకో.

రాత్రయితే చాలు, గైడ్ కోసం యూనివర్సిటీల పేజీలు తిరగెయ్యడమే పని. ప్రతి ప్రొఫెసర్ పేరు కిందా "రీసెర్చ్ ఇంట్రెస్ట్స్" అని ఓ పేరా ఉంటుంది చూడు, అచ్చం పెళ్ళిసంబంధాల బయోడేటాలేరా అవి. అందరికీ క్యాన్సరే కావాలి. ఈస్ట్ మీద చేసేవాళ్ళూ ఆఖరి వాక్యంలో క్యాన్సర్ అంటారు, పళ్ళ ఈగల మీద చేసేవాళ్ళూ అదే అంటారు. తప్పు పట్టను. గ్రాంటు ఇచ్చేవాళ్ళ కంటికి జబ్బు పేరు ఆనాలి మరి. కానీ ఆ ఒక్క పేరా చూసి గైడ్‌ని ఖాయం చేసుకుంటే ఐదేళ్ళు ఏడవాల్సిందే.

నా పట్టు నీకు తెలుసు కదా. మాది సోంపేట పక్క, కిడ్నీ తప్ప ఇంకోటి చెయ్యను. పెద్దనాన్నకి షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీ పాడవుతుంటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మాత్రం ఎక్కుతూ పోయి చివరికి డయాలసిస్‌లో పడ్డాడు. మా ఉద్దానం ప్రాంతంలో ఏ గుమ్మంలో కూర్చున్నా ఇదే మాట వినబడుతుంది. ఈ జబ్బు ముఖ్యంగా దెబ్బతీసేది కిడ్నీలో ఉండే సన్నటి గొట్టాల్ని, వాటి చుట్టూ ఉన్న కణజాలాన్ని. రోజుకి 180 లీటర్లు వడగట్టిన నీళ్ళలో లీటరున్నరో రెండో వదిలేసి, మిగతాదంతా మళ్ళీ రక్తంలోకి లాగేవి ఆ గొట్టాల గోడల కణాలే. అంత చాకిరీ కాబట్టే వాటిలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి. అవి తయారుచేసే ఏటీపీ, అదే కణం ఖర్చుపెట్టే శక్తి అణువు, దాని లెక్కలు చదువుతుంటే మన భీమవరం సుబ్బారావుగారు గుర్తొచ్చారు. 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఏటీపీని బయటపెట్టిన ఆయనే. ప్రాక్టికల్స్‌లో నీలిరంగు రాలేదని నువ్వు తల పట్టుకున్న ఫాస్ఫరస్ పరీక్ష కూడా వాళ్ళిద్దరిదే, 1925 నాటిది!

సరే, అసలు సంగతికొస్తా. వెతుకుతుంటే ఒక మేడమ్ పేజీ తగిలింది. కిడ్నీ అన్న మాట ఎక్కడో అడుగున ఉంది. ఆవిడ పని క్లామిడోమోనాస్ మీద. డిగ్రీలో చెరువు నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి మైక్రోస్కోప్ కింద పెట్టాం చూడు, ఆ పచ్చ నాచే. ఒక్క క్షణం నిలవకుండా గింగిరాలు తిరిగేది. కవర్‌స్లిప్ అంచున అయోడిన్ చుక్క వదిలాక అన్నీ ఆగిపోయాయి, అప్పుడు కనబడ్డాయి ఒక్కోదానికీ ముందువైపు రెండేసి కశాభాలు, ఈదడానికి వాడే సన్నటి తోకలు. పట్టీపట్టనట్టు గీసేసి రికార్డులో సంతకం పెట్టించుకున్నాం.

1993లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో జోయెల్ రోజెన్‌బామ్ ల్యాబ్‌లో కోజ్‌మిన్‌స్కీ అనే విద్యార్థి ఆ కశాభాల్ని వీడియో తీసి చూస్తే, లోపల రేణువులు కొసదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తున్నాయి. కశాభం కట్టడానికి కావలసిన సరుకంతా అలా చేరుతుందన్నమాట. దాన్ని తెంపేసినా రెండు గంటల్లో మళ్ళీ మొలుస్తుంది. ఆ సరుకు మోసే పనిలో పాలుపంచుకునే ప్రొటీన్ ఒకటుంది, ఐఎఫ్‌టీ88. అది చెడితే నాచుకి కశాభాలు రావు. 2000లో తేలిందేమిటంటే, ఎలుకలో దానికి సాటి జన్యువు చెడితే కిడ్నీ గొట్టాల కణాల మీది శైలికలు, అంటే కశాభంలాంటి సన్నటి పోగులు, పొట్టిగా మిగిలిపోతాయి. ఆ ఎలుకల కిడ్నీల నిండా తిత్తులే, నీళ్ళ సంచుల్లాంటివి! కణానికి ఒక్కటే ఉండే ఆ శైలికని అప్పటిదాకా చాలామంది పట్టించుకోనేలేదు. ఇప్పుడు పాలిసిస్టిక్ కిడ్నీ, అదే మనుషుల కిడ్నీల్లో తిత్తులు పుట్టే జబ్బు గురించి శైలిక ఊసెత్తకుండా మాట్లాడేవాళ్ళు లేరు.

ఉద్దానం జబ్బు అది కాదని నాకూ తెలుసు, నువ్వు మొదలెట్టకు. నేను నాచు మీద పనిచేస్తే పెద్దనాన్నకి ఒరిగేదేమీ లేదు. కానీ గొట్టంలో కణం ఎలా బతుకుతుందో ఒంటబట్టకుండా, అది ఎందుకు చస్తోందో నేనేం తేలుస్తాను? పేజీ నిండా కిడ్నీ, కిడ్నీ అని రాసుకున్న ఇంకో ఆయన పేపర్లు పబ్‌మెడ్‌లో, అదే వైద్య పరిశోధన పేపర్లు వెతికే సైట్లో, తీశాను. కొన్న కిట్లతో రక్తంలో ఏదో ఒకటి కొలవడం, గ్రాఫు గియ్యడం, అంతే. అక్కడ నేను నేర్చుకునేది పిపెట్ పట్టడమే, అది వచ్చు. ఆవిడ పేపర్లు తక్కువే, ఒక్కోటీ మూడు నాలుగేళ్ళ పని. అయినా ఏం అడుగుతోందో, జవాబు ఎలా తేలుతుందో స్పష్టంగా ఉంది. మనసు అటే లాగుతోంది.

నాన్నకి ఇంకా చెప్పలేదు. "నాచు మీద సదువేటిరా" అంటాడు, ఖాయం.

నీతో పనేమిటంటే, మీ రూమ్మేట్ చేసేది ఆ యూనివర్సిటీలోనే కదా. ఆవిడ దగ్గర పిల్లలు ఎన్నేళ్ళకి బయటపడుతున్నారో, పని చేసినవాడి పేరే పేపర్లో ముందుంటోందో లేదో, మధ్యలో మానేసినవాళ్ళు ఎందుకు మానేశారో మెల్లగా కూపీ లాగమను. ఇవేవీ పేజీలో రాయరు. టీ, సమోసా ఖర్చు నాది. ఇంటర్వ్యూ వచ్చే నెలే, ఈలోపే కావాలి.

నీ
శ్రీను