స్ప్రింగ్ బ్రేక్ బుకింగ్‌లు, ట్రైలర్ల కింద జరుగుతున్న పని

మార్చిలో వచ్చే స్కూలు సెలవులకి, అంటే స్ప్రింగ్ బ్రేక్‌కి, మా దగ్గర ట్రైలర్ (పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే, మంచాలూ ఫ్రిజ్ ఉన్న చక్రాల ఇల్లు) అద్దెకి బుక్ చేసుకున్న డాలస్ చుట్టుపక్కల కుటుంబాలకు ఒక విషయం ముందుగానే చెప్పేస్తున్నాను. మా మూడు ట్రైలర్లలో ఈ రోజుకి రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. రెండోది చక్రాలు ఊడదీసి స్టాండ్ల మీద ఉంది, సెలవులు మొదలయ్యేలోపు వచ్చేస్తుంది. మూడోది, పిల్లలందరూ వెండి ట్రైలర్ అని అడిగే పాత ఎయిర్‌స్ట్రీమ్, ఈ సీజన్‌కి రాదు. "చిన్న రిపేరండీ, అయిపోవచ్చింది" అని ఫోన్లో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ పిల్లాపాపలతో పశ్చిమ టెక్సాస్‌లోని బిగ్ బెండ్ పార్కు దాకా వెళ్ళేవాళ్ళకి కింద ఏం అరిగింది, ఏం మార్చాం, ఏం మార్చలేదు అన్నది తెలియడం మంచిది.

పోయిన వేసవి నుంచి ట్రైలర్ తిరిగి అప్పగించేటప్పుడు మీరు చెప్పిన మాటలన్నీ దాదాపు ఒకే రకంగా ఉన్నాయి. డ్రాయర్లు వాటంతట అవే తెరుచుకుంటున్నాయని ఒకరు. పై క్యాబినెట్ స్క్రూ ఊడి మంచం మీద పడిందని ఇంకొకరు. ఒకళ్ళకైతే ఫ్రిజ్ తలుపు తెరుచుకుని ఆవకాయ సీసా నేల మీద పగిలింది. ఆ ఎర్ర మరక ఇంకా పూర్తిగా పోలేదు. విడివిడిగా చూస్తే ఇవన్నీ గొళ్ళెం మారిస్తే పోయే ఫిర్యాదులు. అన్నీ కలిపి చూస్తే మాత్రం కింద నుంచి దెబ్బ పైకి ఎక్కుతోందని అర్థం. టైర్లు కూడా అదే చెప్పాయి. అరుగుదల సమానంగా లేదు, చుట్టూ అక్కడక్కడ గుంటలు పడ్డట్టు తినేసింది. స్ప్రింగు ఎగురుడుని ఆపాల్సిన షాక్ అబ్జార్బర్ (మేం షాక్ అంటాం) ఆపకపోతే టైరు నేలని వదిలి మళ్ళీ తగులుతూ పోతుంది, అప్పుడు ఇలాగే అరుగుతుంది.

నడిపేవాళ్ళకి ఇదేమీ తెలియదు. ట్రక్కులో కూర్చున్నవాళ్ళకి ట్రక్కు సస్పెన్షన్ సుఖం తప్ప వెనక ట్రైలర్ పడుతున్న బాధ అందదు. పైగా మన ఉత్తర టెక్సాస్ రోడ్లు ఎక్కువగా కాంక్రీటువి, కింద నల్ల బంకమట్టి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది, దాంతో పలకల అతుకుల దగ్గర ఎత్తుపల్లాలు వస్తాయి. కారులో టక్ టక్ మని వినిపించేది ట్రైలర్‌లో అల్మారాల దాకా వెళ్తుంది.

మొదటి రెండు ట్రైలర్లూ రెండేసి యాక్సిళ్ళవి (ఇరుసులు), ఒక్కో యాక్సిల్ 3,500 పౌండ్ల బరువు మోసేది. ప్రతి చక్రం దగ్గర ఒక కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు. ముందు కట్టకీ వెనక కట్టకీ మధ్య ఈక్వలైజర్ అనే ఇనప ముక్క ఉంటుంది. మధ్య పిన్ను మీద కావడి బద్దలా అటూ ఇటూ ఒరుగుతూ, ముందు చక్రం గుంతలో పడితే బరువుని వెనక చక్రంతో పంచుకునేలా చేస్తుంది. కమాన్ కట్టలనీ ఈక్వలైజర్‌నీ కలిపే ఇనప షాకిల్ పట్టీలు, వాటిని పట్టి ఉంచే బోల్టులు. చూడ్డానికి ఇంతే. కానీ రోడ్డు మీద ఈ కీళ్ళన్నీ క్షణం ఆగకుండా ఆడుతూనే ఉంటాయి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ సర్వీసు చేయించినవాళ్ళకి ఈ వ్యవహారం కొత్తేమీ కాదు. షాకిల్ పిన్నులకి గ్రీజు కొట్టకుండా లారీని షెడ్డులోంచి బయటికి పంపరు. ఇక్కడ ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాలా ట్రైలర్లకి అసలు గ్రీజు ఎక్కించే నిపులే ఉండదు. బోల్టు చుట్టూ నైలాన్ బుష్, అంటే గొట్టం లాంటి తొడుగు, ఒకటి తొడిగి పంపిస్తారు. అది అరిగేదాకా పని చేస్తుంది, అరిగాక ఇనుము ఇనుముని తింటుంది. ఏటా కొన్ని వారాంతాలు మాత్రమే తిరిగే సొంత ట్రైలర్‌కి అది చాలా ఏళ్ళు రావచ్చు. అద్దెకి తిరిగే ట్రైలర్‌కి రాదు.

మెకానిక్ సుత్తితో కొట్టి బయటికి తీసిన బోల్టుని గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఒక పక్క కొత్తదానిలా నున్నగా ఉంది. రెండో పక్క గోరు పెట్టి లాగితే గాడిలో ఆగిపోయింది. బరువు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి ఆ వైపే తినేసింది. బుష్ ఉండాల్సిన చోట పల్చటి తెల్ల పెంకులు నాలుగు రాలాయి, అంతే మిగిలింది. కమాన్ కట్టని పట్టి ఉంచడానికి చాసిస్‌కి వెల్డ్ చేసి ఉండే హ్యాంగర్ అనే ఇనప ముక్కలోని బోల్టు రంధ్రం కూడా గుండ్రంగా లేదు, పైకి సాగిపోయింది. అందులో కొత్త బోల్టు బిగించినా వదులుగానే ఉంటుంది. అందుకని ఆ హ్యాంగర్ కోసేసి కొత్తది వెల్డ్ చేయించాల్సి వచ్చింది. ఆలస్యం అక్కడే అయింది. పార్టులు మూడో రోజుకే వచ్చేశాయి, మంచి వెల్డరు దొరకడానికి ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండు ట్రైలర్లకీ కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కే బోల్టులు వేశాం. పావు అంగుళం మందం షాకిల్ పట్టీలు తీసేసి అర అంగుళంవి పెట్టాం. ఈక్వలైజర్లు కూడా మధ్యలో రబ్బరు ఉన్నవి వేయించాం, దెబ్బలో కొంత అక్కడే ఆగుతుంది. సొంతంగా ఈ పని చేసుకునేవాళ్ళు మనలో ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి వాళ్ళకో మాట. ఈ బోల్టుల తల కింద సన్నటి పళ్ళు ఉంటాయి, అవి హ్యాంగర్‌లో కరుచుకుని బోల్టుని తిరగనివ్వవు. బోల్టుని సుత్తితో కొట్టి కూర్చోబెట్టి, నట్టు మాత్రమే తిప్పాలి. తల పట్టుకుని తిప్పారంటే ఆ పళ్ళు రంధ్రాన్ని కొరికేస్తాయి, కొత్త హ్యాంగర్ కూడా పోయినట్టే. జాకీ చాసిస్‌కి పెట్టండి, యాక్సిల్ గొట్టానికి పెట్టకండి, వంగుతుంది. జాకీ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరొద్దు, స్టాండ్లు ఉండాల్సిందే.

ఇక షాకులు. కమాన్ కట్టల ట్రైలర్లలో చాలావాటికి ఫ్యాక్టరీ షాక్ అబ్జార్బర్లు ఇవ్వదు. కట్టలోని పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటే వచ్చే ఒరిపిడే సరిపోతుందని వాళ్ళ లెక్క. మా రెంటికీ కొన్న తర్వాత మేం పెట్టించుకున్నవే. వాటిలో ఒకటి ఆయిల్ కారి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లగా అట్టకట్టి ఉంది. ఊడదీసి రాడ్డుని చేత్తో లోపలికి నొక్కితే ఏ అడ్డూ లేకుండా జారిపోయింది, మళ్ళీ బయటికి రాలేదు. గ్యాస్ నింపిన మంచి షాక్ అయితే బలంగా నొక్కాలి, వదిలితే నెమ్మదిగా తనే బయటికి వస్తుంది. మిగతావి అంత పాడవలేదు గానీ అన్నీ ఒకేసారి మార్చాం. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క సగం చచ్చినది పెట్టి పంపడం నాకు ఇష్టం లేదు.

ఎయిర్‌స్ట్రీమ్ కథ వేరు. ఆ కంపెనీ 1961 నుంచి రబ్బరు టోర్షన్ యాక్సిళ్ళు వాడుతోంది. యాక్సిల్ గొట్టం లోపల రబ్బరు కడ్డీలు ఉంటాయి, చక్రం పైకి లేచినప్పుడు అవి నలిగి దెబ్బని మింగుతాయి. వాటికి తోడు షాకులు. షాకులు మార్చడం సులువే, మార్చేశాం కూడా. కానీ రబ్బరుకి వయసైపోతే దాన్ని బాగు చేయడానికి ఉండదు, యాక్సిల్ మొత్తం కొత్తది వేయాల్సిందే. చక్రాన్ని పట్టుకునే చెయ్యి ఎటు చూస్తోందో గమనిస్తే తెలిసిపోతుంది. ఖాళీ ట్రైలర్ ఊరికే నిలబడి ఉన్నా మాదానికి ఆ చెయ్యి కిందికి చూడాల్సింది పోయి పైకి చూస్తోంది. ఈ యాక్సిళ్ళు కొలతలు ఇచ్చి చేయించుకోవాలి, కొట్లో తయారుగా ఉండవు. ఆర్డర్ ఇచ్చాం. కొత్త షాకులు వేసి "సస్పెన్షన్ చేయించాం" అని ఎయిర్‌స్ట్రీమ్‌ని ఈ నెలలోనే అద్దెకి ఇచ్చేయొచ్చు, అబద్ధం కూడా కాదు. అడిగినవాళ్ళూ ఉన్నారు, "ఫొటోలు బాగుంటాయి, దగ్గర్లోనే తిరిగొస్తాం" అని. వద్దండీ.

ఒక అన్నయ్య ఫోన్ చేసి, "తమ్ముడూ, కొత్త షాకులు వేశావుగా, ఇక పక్కనుంచి పెద్ద లారీ వెళ్తే ట్రైలర్ ఊగదు కదా" అన్నారు. "ఊగుతుంది అన్నా" అన్నాను. షాకులు పనిచేసేది కిందికీ పైకీ. పక్కలకి తోకలా ఊగడం వేరే జబ్బు, దానికి కారణం చాలావరకు సామాన్లు సర్దడంలోనే ఉంటుంది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడాలి. అంటే 6,000 పౌండ్ల ట్రైలర్‌కి 600 నుంచి 900 పౌండ్లు. మనవాళ్ళు ఏం చేస్తారంటే బియ్యం బస్తా, గ్రైండరు, నీళ్ళ కేసులు అన్నీ వెనక ఉన్న బంక్ మంచాల కింద తోసేసి, పైన వెనక బంపర్‌కి సైకిళ్ళు తగిలిస్తారు. 40 సీసాల నీళ్ళ కేసు ఒక్కటే 40 పౌండ్లు దాటుతుంది. వెనక బరువు పెరిగేకొద్దీ ముందు కొక్కెం తేలికవుతుంది, ఊగుడు మొదలవుతుంది. బరువైనవి యాక్సిళ్ళకి ముందువైపు, నేల మీద పెట్టండి. క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ళ కనెక్షన్ ఉంటే ట్యాంకు నింపుకుని బయల్దేరకండి. గ్యాలన్ నీళ్ళు 8 పౌండ్ల పైచిలుకు, 40 గ్యాలన్ల ట్యాంకు అంటే 330 పౌండ్లు దండగ మోత. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్ మీద ఎంత సామాను ఎక్కించొచ్చో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి.

స్పీడు గురించి ఈసారి గట్టిగానే చెబుతున్నాను. పశ్చిమ టెక్సాస్‌లో 80 అని బోర్డు కనిపిస్తుంది. అది మీ వెనక ట్రైలర్‌కి కాదు. ట్రైలర్ల కోసం చేసే టైర్లలో స్పీడు రేటింగ్ రాసి లేనివాటికి 65 మైళ్ళే పరిమితి. మా ట్రైలర్లు 65 దాటి నడపకూడదని ఇక అగ్రిమెంట్‌లోనే రాస్తున్నాం.

ఇంకొకటి, పెట్రోలు కోసం ఆగినప్పుడల్లా అర నిమిషం పని. ఒక పక్కన ఉన్న రెండు టైర్ల మధ్య ఖాళీ ఎంతుందో చూడండి, తర్వాత రెండో పక్కకి వెళ్ళి అక్కడ ఎంతుందో చూడండి. రెండూ ఒకేలా ఉండాలి. ఒక పక్క దగ్గరికి జరిగిందంటే కమాన్ కట్టో బోల్టో తెగి యాక్సిల్ కదిలినట్టు. అక్కడే ఆగి నాకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే. ఇంటిదాకా లాక్కొచ్చేద్దాం అనుకోకండి.

2025 జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు సొంత బండ్లకి ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. మాలాంటి చిన్నవాళ్ళకి ఖర్చు తగ్గిందని సంబరపడేవాళ్ళు ఉన్నారు. నాకైతే చెక్ చేసేవాళ్ళు లేని చోట ఎవరికి వాళ్ళే చేసుకోవాలనిపిస్తుంది. అందుకని ప్రతి ట్రిప్పు నుంచి తిరిగొచ్చాక కీళ్ళకి గ్రీజు, బోల్టుల బిగువు, షాకుల కారడం చూస్తాం. బేరింగులకి 12 నెలలకి లేదా 12,000 మైళ్ళకి కొత్త గ్రీజు. చక్రాలు ఎక్కించాక 10, 25, 50 మైళ్ళ దగ్గర నట్ల బిగువు మళ్ళీ చూడాలి, ఆ 50 మైళ్ళు మేమే తిప్పి మీకు ఇస్తాం.

అన్నీ పీకేసి ఎయిర్ సస్పెన్షన్ పెట్టించొచ్చుగా అని వాట్సాప్ గ్రూపులో సలహా వచ్చింది. ప్రయాణం ఇంకా మెత్తగా ఉంటుంది, నిజమే. కానీ బిగ్ బెండ్ దారిలో ఫోర్ట్ స్టాక్టన్ దగ్గర ఏదైనా విరిగితే కమాన్ కట్ట ఏ ట్రైలర్ షాపులో అయినా దొరుకుతుంది. ఎయిర్ సస్పెన్షన్ పార్టు కోసం మీ సెలవులన్నీ మోటెల్‌లో గడుస్తాయి. ఖర్చు సంగతి తర్వాత.

ఖర్చు అన్నాను కాబట్టి అది కూడా. బోల్టులు, బుష్‌లు చవకే, పట్టీలూ షాకులూ ఫర్వాలేదు, వెల్డింగు, లేబరు మాత్రం పార్టుల బిల్లుని దాటేశాయి. యాక్సిళ్ళ ధర వేరే. కొత్త బుకింగ్‌లకి రోజుకి 10 డాలర్లు పెంచుతున్నాం. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకి పాత రేటే, ట్రైలర్ మారినా సరే.

ఎయిర్‌స్ట్రీమ్ బుక్ చేసుకున్నవాళ్ళు మిగతా రెంటిలో ఖాళీ ఉన్న తేదీలకి మారొచ్చు, లేదా డిపాజిట్ మొత్తం వెనక్కి తీసుకోవచ్చు, అందులో కోత ఉండదు. తేదీలు మార్చడం కుదరని కుటుంబాలకి ముందు అవకాశం ఇస్తాను, ఎందుకంటే స్కూలు సెలవులు ఎవరి చేతుల్లోనూ ఉండవు. ఏది కావాలో గ్రూపులో కాకుండా నాకు విడిగా మెసేజ్ పెట్టండి, గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల మధ్య కనబడకుండా పోతున్నాయి.