నేటి విశేషం: నవంబరు 19

మచిలీపట్నం,
19-11-2025.

చిరంజీవి చిన్నాకు అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నీ క్షేమ సమాచారాలకు వెంటనే జాబు రాయవలెను. ఈ మాట ఉత్తరం చివర రాయాలని నాకు తెలుసు. మర్చిపోతానేమోనని ముందే రాసేశాను.

ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఉసిరికాయ పచ్చడి పెట్టాను. కందిపొడి, అరకేజీ బందరు లడ్డూ కూడా కలిపి పార్శిల్ చేస్తున్నాం. డబ్బాలో సీసా అటూ ఇటూ కదులుతోంది, సందుల్లో కాయితాలు కుక్కమని మీ నాన్న అన్నారు. ఎలాగూ కుక్కే కాయితం, నాలుగు మాటలు రాసి కుక్కితే పోలా అనుకున్నాను. అంతకు మించి కారణమేం లేదు.

రిటైరై ఏడాది దాటినా పొద్దున ఎనిమిదిన్నర అయ్యేసరికి చెయ్యి సుద్దముక్క కోసం వెతుక్కుంటుంది. 31 ఏళ్ళు బోర్డు మీద 'నేటి విశేషం' రాసిన చెయ్యి కదా. ఆ లాంగ్ నోటుబుక్కు ఇంకా ఉంది, నువ్వు అట్ట మీద ధోనీ బొమ్మ అంటించినదే. ఇవాళ్టి పేజీ తీశాను. నవంబరు 19 పేజీ సంక్రాంతి ముందు బస్సులా ఉంటుంది, ఎవరికీ కూర్చోను చోటుండదు. 1828లో ఝాన్సీ లక్ష్మీబాయి పుట్టిందని రాసుకున్నాను, ఆ ఏడాది మీద చరిత్రకారులకి తగువుందనుకో. 1917లో ఇందిరాగాంధీ. 1994లో ఐశ్వర్యా రాయ్ మిస్ వరల్డ్ అయింది. ఆ సంగతి బోర్డు మీద రాసినందుకు అప్పటి హెడ్మాస్టరు గారు మూడో పీరియడ్ కల్లా చెరిపించారు, నాకు ఇప్పటికీ కోపమే. పురుషుల దినోత్సవం కూడా ఈ రోజేనట. మీ నాన్నతో అంటే, "అయితే ఇంకో కప్పు కాఫీ వస్తుందా?" అన్నారు. ఇచ్చాను. చక్కెర లేకుండా.

1863లో ఇదే రోజు గెటిస్‌బర్గ్‌లో లింకన్ మాట్లాడాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయనకంటే ముందు ఎవరెట్ అనే పెద్దమనిషి రెండు గంటలు మాట్లాడాడు. లోకానికి గుర్తున్నది లింకన్ మాటలే. నేను ఎవరెట్ జాతి అని నువ్వు అంటావు. అను. అనడానికైనా ఫోను చెయ్యి.

అదే పేజీలో 1969 దగ్గర నీ పెన్సిలు రాత ఉంది. అపోలో 12 చంద్రుడి మీద దిగిందని నేను రాస్తే, పక్కన మార్జిన్‌లో నువ్వు 'బీన్ కెమేర సూర్యుడి వైపు తిప్పి పాడు చేశాడు' అని రాశావు. ఏడో తరగతి అనుకుంటా. 'కెమేర'కి దీర్ఘం ఎగ్గొట్టావు. దాన్ని సరిదిద్దలేదు, అలాగే ఉంచాను. నిజమే, అలన్ బీన్ టీవీ కెమెరా కాల్చేసుకున్నాక బొమ్మ ఆగిపోయింది కానీ మాట మాత్రం వినబడుతూనే ఉంది. జనం ఆ మాటలతోనే సరిపెట్టుకున్నారు. నాకూ వీడియో కాల్ అక్కర్లేదు. గడ్డం పెంచుకున్నావేమో, చిక్కిపోయావేమో, నేను చూడను. మాట వినిపిస్తే చాలు.

కాన్రాడ్, బీన్ కింద తిరుగుతుంటే మూడోవాడు గోర్డన్ పైన ఒక్కడే చక్కర్లు కొట్టాడు. చంద్రుడి వెనక్కి వెళ్ళినప్పుడల్లా ముప్పావుగంట పాటు అతనితో మాట ఉండదు. ఇవతలికి రాగానే పలికేవాడు. ముప్పావుగంట! నువ్వు వెనక్కి వెళ్ళి ఈ రోజుకి 22 రోజులు.

లెక్క ఎలా తెలుసంటావా. అక్టోబరు 28న మొంథా తుఫాను తీరం దాటిన రాత్రి నువ్వే నాలుగుసార్లు చేశావు. 'తలుపులు వేశారా, మేడ మీద ట్యాంకు మూత తాడుతో కట్టారా, ఫోన్లు చార్జింగ్ పెట్టుకోండి' అని పెద్ద తహసీల్దారులా ఆర్డర్లు వేశావు. మాకేం కాలేదు, జామచెట్టు కొమ్మ విరిగింది. ఆ తర్వాత నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మెసేజ్ పెడితే రెండు నీలం గీతలు, మర్నాడు ఒక దండం బొమ్మ. దండం ఎవరికి పెడతారు చిన్నా, గుళ్ళో దేవుడికి.

నవంబరు 2న మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచారు. కడప పిల్ల శ్రీచరణి కూడా ఉంది ఆ టీములో. ఆ రాత్రి ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. కప్పు గెలిస్తే నువ్వు చెయ్యకుండా ఉంటావా? చెయ్యలేదు. అప్పుడే నాకు కాస్త అనుమానం వచ్చింది. ఓడినప్పుడు వేరు. 2023లో ఇదే రోజు అహ్మదాబాద్‌లో ఆస్ట్రేలియా మీద ఓడినప్పుడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు నువ్వు. వరసగా పది గెలిచి పదకొండోది పోయింది. ఆ పది ఎక్కడికీ పోలేదని మీ నాన్న అంటే తలుపు వేసుకున్నావు. సరే, అది క్రికెట్టు.

సరస్వతి పిన్ని అల్లుడు శేషు పుణె వచ్చాడట కదా. నేనేం అడగలేదు, తనే చెప్పాడు. మంగళవారం పొద్దున పదకొండింటికి నువ్వు నిక్కరుతో, చేతిలో పాలపాకెట్టుతో మీ సందు చివర కనిపించావట. పిలిస్తే ఫోను మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని వెళ్ళిపోయావట. బండికి కవరు కప్పి ఉందట, దాని మీద వేలితో పేరు రాసేంత దుమ్ము ఉందట. మీ కంపెనీలో మనుషుల్ని తీసేశారని కూడా ఏదో అన్నాడు. 'ఇప్పుడు అందరూ ఇంట్లోంచే కదా పని చేసేది' అని నేను కొట్టిపారేశాను. శేషు మాటలు నీకు తెలియనివా, గౌరి ఈనినప్పుడు కవల దూడలని ఊరంతా చాటాడు. కాబట్టి నేనేం అడగడం లేదు.

పేజీలో ఎర్ర సిరాతో ఉన్నది ఒక్కటే. 1977, దివిసీమ ఉప్పెన.

ఆ రోజు శనివారం. నాకు పదిహేనేళ్ళు. చల్లపల్లిలో పాత పెంకుటిల్లు, నువ్వు పుట్టేటప్పటికే లేదులే. రెండు రోజుల ముందు పెద్ద మావయ్య నాగాయలంక వెళ్ళాడు. స్నేహితుడింట్లో కోతలు మొదలవుతున్నాయి, సాయం వెళ్తున్నానన్నాడు. అబద్ధం. ఇంటర్ పరీక్ష సెప్టెంబరులో మళ్ళీ రాస్తే మళ్ళీ పోయింది. పేపర్లో నంబర్లు పడి వారమైనా ఇంట్లో మాత్రం ఇంకా రాలేదనే చెప్పాడు. తాతయ్య కళ్ళజోడు విరిగి ఉంది కాబట్టి బతికిపోయాడు.

శనివారం పొద్దుటి నుంచీ గాలి. మధ్యాహ్నానికి అది గాలిలా లేదు, ఎవరో గొంతు చించుకుంటున్నట్టుంది. పెంకులు లేచిపోతుంటే అమ్మమ్మ మమ్మల్ని ముగ్గుర్నీ వంటింట్లో రోలు పక్కన కూర్చోబెట్టి మీద పరుపు కప్పింది. మా దాకా సముద్రం రాలేదు. దిగువన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి, ఏటిమొగ. సాయంత్రం పూట ఐదారు మీటర్ల ఎత్తున నీళ్ళు మీద పడి ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. సర్కారు లెక్క పదివేల మంది. దివిలో ఎవర్నడిగినా అది తక్కువ లెక్కే అంటారు.

మాకు ఇవేవీ తెలియవు. కరెంటు లేదు, తంతి లేదు, అవనిగడ్డ రోడ్డు నిండా చెట్లు. ఆదివారం సాయంత్రం ఎవరో వచ్చి 'నాగాయలంక లేదు' అన్నారు. ఆ ఒక్క మాటే. 'లేదు' అని. చెప్పినవాడు ఎవరో, ఎవరి దగ్గర విన్నాడో తెలియదు. అమ్మమ్మ మాత్రం ఆ మనిషిని ఇరవయ్యేళ్ళు తిట్టింది.

సోమవారం తాతయ్య సైకిలేసుకుని బయల్దేరారు. సైకిలు పులిగడ్డ దగ్గర వదిలేసి నడిచారట. మంగళవారం రాత్రి ఒక్కరే తిరిగొచ్చారు. లోపలికి రాకుండా నూతి దగ్గర గంటసేపు నీళ్ళు పోసుకున్నారు. అక్కడ ఏం చూశారో పోయేదాకా చెప్పలేదు. చేప లేనిదే ముద్ద దిగని మనిషి, ఆ తర్వాత చేప ముట్టలేదు.

అమ్మమ్మ రోజూ రాత్రి పెద్ద మావయ్య కంచంలో అన్నం పెట్టి, మీద ఇంకో కంచం బోర్లించి, అరుగు మీద లాంతరు పెట్టేది. పొద్దున ఆ చద్దన్నం మాకే. తడిసిన బియ్యం, ముక్క వాసన. ఎవరూ మాట్లాడేవాళ్ళం కాదు.

బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. ఒంటి మీద ఎవరిదో ఖాకీ చొక్కా, మోకాళ్ళు దాటిన నిక్కరు, అరికాళ్ళ నిండా తుమ్మముళ్ళు. డాబా మీద ఇరవై మంది ఒకరి నడుం ఒకరు పట్టుకుని రాత్రంతా నిలబడ్డారట. ఆ సంగతి తర్వాత చెప్పాడు. గుమ్మంలో నిలబడి అన్న మొదటి మాట వేరే. "అమ్మా, ఇంటర్ తప్పాను."

అమ్మమ్మ ఏడవలేదు. ఎగాదిగా చూసి, "తప్పితే తప్పావు. ఒక కార్డు ముక్క రాయడానికి నీకేం రోగం?" అంది. బస్సు లేదు, తపాలా లేదు, ఆవిడకి కార్డు కావాలి! తర్వాత గుండుసూది కాల్చి, పసుపూ నూనే దగ్గర పెట్టుకుని, చీకటి పడేదాకా ముళ్ళు తీసింది. ముల్లుకో తిట్టు. నేను లెక్కపెట్టాను, 41.

ఆ తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగు చేశారు. మండలి వెంకట కృష్ణారావు గారు చేసిన సాయం దివిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. పెద్ద మావయ్య ఆరు నెలలు సహాయ శిబిరాల్లో బియ్యం బస్తాలు మోశాడు. ఇంటర్ 1979లో గట్టెక్కాడు. మిగతాది, ఆ మిల్లూ ఆ గొడవా, నీకు తెలిసిందే.

ఇదంతా ఎందుకు రాశానని అడక్కు. నేటి విశేషం, అంతే. కానీ ఒక్క మాట. ఉద్యోగం అన్నాక ఉంటుంది, పోతుంది. మీ నాన్నకి సొసైటీలో పదకొండు నెలలు జీతం రాలేదు, నువ్వు అప్పుడు ఒకటో తరగతి, నీకు బూట్లు కొన్నాం, నీకు తెలియనే లేదు. క్రెడిట్ కార్డు మీద మాత్రం డబ్బు తీసి తినకు, దాని వడ్డీ నెలకి నూటికి మూడు దాటుతుంది, అది మన ఊరి కాబూలీ వడ్డీకంటే ఘోరం. అద్దె ఎక్కువైతే చిన్న గదికి మారొచ్చు, నామోషీ ఏం లేదు. పొద్దున పదకొండింటికి కాదు, ఆరింటికి లేవాలి, పని ఉన్నా లేకపోయినా. పనిలేని రోజే మరీ ముఖ్యం. తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని... ఇదుగో, ఉపన్యాసం ఇవ్వనని మీ నాన్నకి మాటిచ్చి కూర్చున్నాను, అయినా వచ్చేసింది. నా గ్రాట్యుటీ డబ్బులు పోస్టాఫీసులో ఊరికే పడి ఉన్నాయి. ఊరికే అన్నాను, ఇంకేం లేదు.

ఎల్లుండి పోలి స్వర్గం. తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదులుతాను, నీ పేరున ఒకటి. నీకు నమ్మకం లేదని తెలుసు, దీపానికి ఆ సంగతి తెలియదుగా. నీ గది మొన్న సున్నం వేయించాం. ఫ్యాను చప్పుడు పోయింది. ఇక్కడ నెట్టు కూడా బాగానే వస్తోందని పక్కింటి కుర్రాడు అన్నాడు, నేనే అడిగాను.

ఈ కాయితాల మధ్య ఒక పోస్టుకార్డు ఉంది. 50 పైసలే ఇంకా, అడిగితే పోస్టాఫీసులో కుర్రాడు నన్ను మ్యూజియంలో బొమ్మని చూసినట్టు చూశాడు. మన అడ్రసు రాసే ఉంచాను. ఏమీ రాయబుద్ధి కాకపోతే ఏమీ రాయకు. ఊరికే డబ్బాలో పడెయ్యి.

ఇట్లు,
మీ అమ్మ.

తా.క.: డబ్బా అడుగున మీ నాన్న ఏదో కవరు పెట్టారు, నేను చూడలేదనుకుంటున్నారు. లడ్డూలు ముందు తిను. పచ్చడిలో తడి చెంచా పెట్టకు.