కుందేలు ఎవరి లెక్కలో ఉంది?

సంపాదకులు గారికి నమస్కారం.

కుందేళ్లు పెంచే మాలాంటి వాళ్లకు రెండు రకాల మాటలు పడటం అలవాటే. చుట్టాలు వచ్చి షెడ్డు చూస్తే "ఇంత ముద్దొచ్చేవాటిని కోతకు ఇవ్వడానికి మనసెలా ఒప్పుతుంది?" అంటారు. అప్పు కోసం వెళ్తే "ఇవి ఇళ్లలో సరదాకు పెంచుకునేవి కదా, వీటికి లోనేంటి?" అంటారు. చేవెళ్ల దగ్గర మాకున్న చిన్న షెడ్డు నుంచి మాంసానికీ అమ్ముతాం, పెంచుకుంటామని వచ్చినవాళ్లకూ ఇస్తాం. ఈ రెండిట్లో దాచుకోవాల్సిన పని ఏదీ లేదు. నన్ను బాధపెట్టేది మరొకటి. కుందేలు పశువా, పెంపుడు జంతువా అన్నది తేలకపోవడం అమ్మేవాళ్లకు లాభంగా మారింది. ఆ నష్టం జంతువు మీద, కొన్నవాళ్ల మీద పడుతోంది.

కాగితాల్లోనే చూడండి. 2018లో కేంద్రం తెచ్చిన పెట్ షాపుల నిబంధనల్లో పెంపుడు జంతువులంటే కుక్క, పిల్లి, కుందేలు, గినీపిగ్ అంటూ వరుసగా పేర్లున్నాయి. వీటిని అమ్మే దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. అదే కేంద్రం పశుగణనలో మాత్రం గొర్రె, మేక, పందితో పాటు కుందేలునూ లెక్కిస్తుంది. రాజస్థాన్‌లోని అవికానగర్ కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థకు కొడైకెనాల్ కొండల్లో మన్నవనూరు దగ్గర ఒక కేంద్రం ఉంది. అక్కడ మాంసపు కుందేళ్ల జాతుల మీద పనిచేస్తారు. హిమాచల్‌లోని గార్సాలో బొచ్చు కోసం అంగోరా కుందేళ్లను పెంచుతారు. ఒకే జంతువు చట్టం దగ్గర పెంపుడుది, గణన దగ్గర పశువు. ఇందులో తప్పేమీ లేదు, రెండు చోట్లా దాని బాగోగులు చూసే మనిషి ఉంటే.

మా మనసులో ఏముంటుందంటారా? ఈనే ముందు తల్లి తన రొమ్ము దగ్గరి బొచ్చు నోటితో పీక్కుని గూడు పెట్టెలో పరుస్తుంది. కళ్లు తెరవని, ఒంటి మీద బొచ్చు లేని పిల్లలు దాని అడుగున వెచ్చగా కదులుతుంటాయి. రోజుకు దాదాపు ఒక్కసారే, అదీ కొద్ది నిమిషాలే పాలిచ్చి తల్లి పక్కకు వెళ్లిపోతుంది. తెలియనివాళ్లు తల్లి వదిలేసిందనుకుని ఆవుపాలు పట్టి చంపుకుంటారు. మా ఇంటావిడ తల్లులన్నిటికీ పేర్లు పెట్టింది, పిల్లలకు పెట్టదు. ఎందుకని అడిగితే, "పేరు పెట్టినదాన్ని నేను తూకం వేయలేను" అంది. పెంపకందారుల్లో చాలామంది గీత ఇక్కడే గీసుకుంటారు. పేరు లేని పిల్లకైనా వేళకు దశరథ గడ్డి, మంచినీళ్లు, ఎండ తగలని చోటు తప్పవు. కోతకు వెళ్లే రోజు వరకు దాని బతుకు బాగుండాలన్నది మా షెడ్డులో నియమం.

అది లేని చోటే బాధ. హైదరాబాద్‌లో రోడ్డు పక్కన ప్లాస్టిక్ బుట్టల్లో అమ్మే పిల్లల్ని చూడండి. చాలావాటికి మూడు వారాలు కూడా నిండి ఉండవు. పుట్టిన పది, పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తాయి, మూడో వారానికి గుప్పెడంత ముద్దుగా ఉంటాయి, అప్పుడే బాగా అమ్ముడుపోతాయి. కానీ నాలుగు వారాలు దాటేదాకా తల్లి పాలు ఉండాల్సిందే, ఆరో వారం వరకు ఆగితే మరీ మంచిది. ముందే వేరుచేస్తే విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోతాయి. పిల్లవాడు ఏడుస్తాడు, తండ్రి ఇంకోటి కొనిస్తాడు. "ఇవి పెద్దవి కావు, ఇంతే ఉంటాయి" అని అమ్మినవి నిజానికి మూడు నెలలకే రెండు కిలోలు తూగే మాంసపు జాతివి. "రెండూ ఆడవే" అన్న జతలో ఒకటి మగదవుతుంది. చూడి నెల రోజులే. ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు. ఇల్లు నిండిపోయాక తీసుకెళ్లి ఏ చెట్ల మధ్యో వదిలేస్తారు. బోనులో పుట్టిన జీవికి కుక్కల నుంచి తప్పించుకోవడం తెలియదు. పెంపుడు జంతువని చెప్పి అమ్ముతూ, పశువుల సంతలోనైనా అడిగే వయసు, ఆడా మగా అన్న వివరం చెప్పకపోవడం ఏం న్యాయం?

రైతులకూ ఇదే మోసం ఇంకో రూపంలో జరుగుతోంది. కుందేళ్లు అంటగట్టే వ్యాపారులు వచ్చి ఏడు ఆడవి, మూడు మగవి కలిపి ఒక యూనిట్ అంటారు, పిల్లల్ని మేమే తిరిగి కొంటామంటారు, రేకుల షెడ్డు చాలంటారు. కుందేలుకు చెమట పట్టదు, వేడిని ఎక్కువగా చెవుల గుండానే వదులుతుంది. మన మే నెల ఎండలో రేకుల కింద అది ఒగరుస్తూ చచ్చిపోతుంది. బతికిన మగవాటికి కొన్నాళ్లు సంతాన శక్తే ఉండదు. ఇలాగే తిరిగి కొంటామన్న మాట నమ్మి ఈము పక్షుల పెంపకంలో మునిగినవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు.

వైద్యం సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. చెవి గజ్జి పట్టిన కుందేలును ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే, కుక్కలకు పిడుదులు పోవడానికి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే రాసిచ్చారు. అది కుందేలుకు విషం. దానికి ఇవ్వాల్సింది ఐవర్‌మెక్టిన్. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ కూడా అంతే, పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవుల్ని చంపి కుందేలు ప్రాణం మీదికి తెస్తుంది. ఆ డాక్టరు గారిని నిందించి ప్రయోజనం లేదు, ఆయన దగ్గరికి వచ్చేవన్నీ గేదెలు, గొర్రెలు, కుక్కలే.

జిల్లా పశువైద్యశాలకు ఒక్కరికైనా కుందేళ్ల వైద్యంలో శిక్షణ ఇవ్వాలని పశుసంవర్ధక శాఖను కోరుతున్నాను. బుట్టల్లో అమ్మే వ్యాపారాన్ని 2018 నిబంధనల కిందికి తేవాలి. ఆరు వారాలు నిండని పిల్లను ఎవరూ అమ్మకూడదు. అమ్మే ప్రతి పిల్లతో పాటు వయసు, ఆడా మగా, ఎంత పెరుగుతుంది, ఏం తింటుంది అని రాసిన చీటీ ఉండాలి. తోటి పెంపకందారులకు కూడా ఒక మాట: తీగ జాలీ మీదే రాత్రీ పగలూ నిలబడితే వాటి అరికాళ్లు పుండ్లవుతాయి, బోనుకొక చెక్క పలక వేయండి. తనిఖీకి వచ్చే అధికారులకు మా షెడ్డు ఎప్పుడైనా చూపిస్తాం.

— ఒక కుందేళ్ల రైతు,
చేవెళ్ల, రంగారెడ్డి జిల్లా