గోడ మీద సర్టిఫికెట్ ఉంది, మనిషి ఏరీ?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు పదేళ్లుగా బీపీ. కిందటేడు ఎన్ని మందులు వేసినా దిగలేదు. డాక్టరు గారు డోసు పెంచారు, ఉప్పు తగ్గించమన్నారు, ఇంట్లో అందరికీ టెన్షన్. తీరా చూస్తే మోకాళ్ల నొప్పులకని వీధి చివరి మందుల షాపులో డైక్లోఫెనాక్ బిళ్ళలు కొనుక్కుని నెలల తరబడి రోజుకు రెండు మింగుతోంది. ఆ రకం నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెట్టి బీపీ పెంచుతాయి, కిడ్నీలకూ చేటు. ఈ సంగతి బయటపెట్టింది మా అక్క వాళ్ల ఊళ్లో ఒక షాపులో ఉన్న ఫార్మసిస్టు అమ్మాయి. అమ్మ ఖాళీ స్ట్రిప్పు చూపించి ఇవే కావాలంటే "బీపీ ఉందా అమ్మా? ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారు?" అని అడిగింది. అంతే, రెండు ప్రశ్నలు.

మా వీధి షాపులో ఆ రెండూ అడిగేవాళ్లు లేరు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకుంది గానీ ఆ ఫొటోలో ఉన్నాయన్ని నేనింతవరకు చూడలేదు, బిళ్ళలిచ్చేది పదో తరగతి దాటని కుర్రాడు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఎలా వాడాలో రోగికి చెప్పడం కూడా వాళ్ల పనేనని 2015 నిబంధనల్లో ఉంది. డైక్లోఫెనాక్ అయితే అసలు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు.

జలుబుకీ విరేచనాలకీ ఆసుపత్రికి పరిగెత్తం, అక్కర్లేదు కూడా. కానీ జలుబు మాత్రలోనే జ్వరం మందు పారాసెటమాల్ ఉండొచ్చని తెలియక పైన ఇంకో జ్వరం బిళ్ళ వేసుకునేవాళ్లు, లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్ఎస్ ప్యాకెట్టును గ్లాసులో కలిపేవాళ్లు (నేనూ కలిపాను) ఎంతమంది లేరు! ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మే తీపి నీళ్ల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని గారు ఏళ్ల తరబడి కొట్లాడితే గానీ 2025 అక్టోబరులో ఆ పేరు వాడొద్దన్న ఉత్తర్వు రాలేదు. కౌంటర్ దగ్గర తెలిసినవాళ్లు ఉంటే "ఇది కాదమ్మా, ఆ ప్యాకెట్టు తీసుకోండి" అని ఎప్పుడో చెప్పేవాళ్లు.

మన తప్పూ ఉంది. ఎవరైనా అడిగితే "నీకెందుకయ్యా, అడిగింది ఇవ్వు" అంటాం. అయినా తనిఖీకి వచ్చే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఫ్రేములోని ఫొటోను కౌంటర్లో ఉన్న మనిషితో ఒకసారి పోల్చి చూస్తే బాగుంటుంది.

అమ్మ ఇప్పుడు బీపీ మాత్రలు కూడా అక్క వాళ్ల ఊరి నుంచే తెప్పించుకుంటోంది.

– ఒక పాఠకుడు, కాకినాడ