ఆయుధపూజకు పెట్టే ముందు తుపాకీ తెరిచి చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

దసరా దగ్గరకొచ్చింది. మన గుంటూరు, విజయవాడల్లో తుపాకీ లైసెన్సులున్న ఇళ్లలో, బంగారం షాపుల్లో, బ్యాంకుల్లో ఆ రోజు తుపాకులు బయటికి తీసి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి పూజలో ఉంచుతారు. మంచి ఆచారమే, పటాలంలో మేమూ చేసేవాళ్లం. కానీ ఇళ్లలో చూస్తుంటే భయమేస్తోంది. పీట మీద పెట్టిన తుపాకీ చుట్టూ పిల్లలు తిరుగుతుంటారు, ఒక కుర్రాడు ఎత్తి బావమరిది వైపు గురిపెడతాడు, ఇంకొకడు సెల్ఫీ తీస్తాడు, ఇదేంటయ్యా అంటే “ఖాళీదే బాబాయ్, ఏం కాదులే” అంటారు.

ఖాళీ అని ఎవరు చూశారు? ఎప్పుడు చూశారు? పోయినేడాది లోపల పెట్టినప్పుడు చూశారట! తుపాకీ చేయి మారిన ప్రతిసారీ చూడాలండీ. ఇచ్చేవాడు చూసి ఇవ్వాలి, తీసుకున్నవాడు మళ్లీ తెరిచి చూసుకోవాలి, ఇచ్చింది పెద్ద ఆఫీసరైనా సరే, అందులో నామోషీ లేదు, అవమానమూ లేదు. పటాలంలో ‘జాంచ్ శస్త్ర్’ అనగానే బోల్టు (గొట్టాన్ని వెనక నుంచి మూసే కదిలే ముక్క) లాగి చాంబర్ (తూటా కూర్చునే చోటు) చూపించాల్సిందే, ఫైరింగ్ నుంచి వచ్చినా, ఊరికే గార్డు డ్యూటీ దిగినా.

చూడటానికీ ఒక పద్ధతి ఉంది, చాలామంది తప్పేది ఇక్కడే. మ్యాగజీన్, అంటే తూటాల డబ్బా, ఉన్న రైఫిల్‌కి ముందు మ్యాగజీన్ తీయాలి, ఆ తర్వాతే బోల్టు లాగాలి. ఇది తారుమారైందనుకోండి, బోల్టు లాగగానే చాంబర్‌లో ఉన్న తూటా బయటపడుతుంది, దాన్ని చూసి హమ్మయ్య అనుకుంటాం, ఈలోగా బోల్టు ముందుకు పోతూ మ్యాగజీన్ లోంచి ఇంకో తూటాని తోసుకెళ్లి చాంబర్‌లో కూర్చోబెడుతుంది. అప్పుడు తీరిగ్గా మ్యాగజీన్ ఊడదీసి పక్కన పెడతాడు. చేతిలో మ్యాగజీన్ లేని రైఫిల్, కింద పడిన తూటా, చూసినవాళ్లెవరైనా ఖాళీ అనే అంటారు. ట్రిగ్గర్ మీద వేలు పడితే పేలుతుంది. అందుకే బోల్టు వెనక్కి లాగి పట్టుకుని చాంబర్ లోపలికి కంటితో చూడాలి, వెలుతురు సరిగా లేకపోతే చిటికెన వేలు పెట్టి తడమాలి. ఇదంతా చేస్తున్నంతసేపూ గొట్టం మనుషుల్లేని వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. సేఫ్టీ, అదే పేలకుండా ఆపే మీట, వేసి ఉందిగా అని ధీమా పడొద్దు, అదీ ఒక ఇనప ముక్కే, అరుగుతుంది, విరుగుతుంది.

అయినా మన ఊళ్లలో జనానికి రోజూ కనిపించేది రైఫిల్ కాదు, గార్డుల చేతిలో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. బ్రాడీపేటలో క్యాష్ వ్యాన్ ఆగినప్పుడు ఒకసారి గమనించండి. గార్డు దిగి, తుపాకీ మడమ నేలకు ఆనించి, గొట్టం మూతి మీద రెండు అరచేతులూ వేసి, వాటి మీద గడ్డం పెట్టుకుని నిలబడతాడు. పక్కనే జనం పోతుంటారు. పాపం ఆయన్నే అనడానికి లేదు, ఎండలో పొద్దస్తమానం నిలబడే డ్యూటీ, చేతికి తుపాకీ ఇచ్చినవాళ్లు దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్పారో లేదో. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005లో వచ్చిన చట్టం గార్డుకి శిక్షణ ఇచ్చాకే పనిలో పెట్టమంటోంది. లైసెన్సు కోసం వచ్చేవాళ్లు తుపాకీ పట్టుకోవడం, మోయడం, దాచడం నేర్చుకోవాలని 2016 ఆయుధ నియమాల్లోనూ ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. డబుల్ బ్యారెల్‌ని తనిఖీ చేయడం నిజానికి ఎంతో తేలిక, గొట్టాలు వంచి తెరిస్తే, తూటా లేకపోతే రెండు గొట్టాల్లోంచీ అవతలి వెలుగు కనపడుతుంది.

ఇక దసరా ఎగ్జిబిషన్లలో బెలూన్లు పేల్చే స్టాళ్లు. ఆ ఎయిర్ రైఫిల్ చాలావరకు లైసెన్సు అక్కర్లేనిది కాబట్టి బొమ్మ కిందే లెక్క కడుతున్నాం. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు అది, కంట్లో తగిలితే చూపు పోతుంది, గట్టి చెక్కకు తగిలి వెనక్కి కూడా ఎగురుతుంది. స్టాల్ అబ్బాయి గొట్టం వంచి గుండు పెట్టి నేరుగా పిల్లాడి చేతికిస్తాడు, పిల్లాడు అటే తిరిగి “నాన్నా, ఫొటో తియ్” అంటాడు, గొట్టం జనం వైపు ఉంటుంది. తుపాకీని బల్లకు పొట్టి గొలుసుతో కట్టేస్తే వెనక్కి తిప్పలేరు, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. స్టాళ్లకు పర్మిషన్ ఇచ్చే అధికారులు ఈ ఒక్క షరతు పెట్టాలని అడుగుతున్నా. ఆ గుండ్లు సీసంవి, సీసం కడుపులోకి పోతే విషం, కనుక పట్టుకున్న చేతులతోనే పిల్లలకు మిరపకాయ బజ్జీ పెట్టకండి, కడిగాక పెట్టండి.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్‌లో కాంస్యం తెచ్చాక పిల్లల్ని షూటింగ్‌లో చేర్చాలనుకునే తల్లిదండ్రులూ ఉన్నారు, సంతోషం. ఫీజు కట్టే ముందు రేంజ్‌లో కాసేపు కూర్చోండి. కాల్చడం ఆపగానే ప్రతి రైఫిల్‌లోనూ నారింజ రంగు సేఫ్టీ ఫ్లాగ్ (చాంబర్ ఖాళీ అని కనపడేలా అందులో దూర్చే గుర్తు) పెడుతున్నారో లేదో చూడండి. అది లేని చోట పిల్లల్ని చేర్చకండి.

పెళ్లిలో, ఊరేగింపులో గాల్లోకి కాల్చే సరదా ఉన్నవాళ్లకి ఒక మాట. పైకి పోయిన తూటా ఎవరి డాబా మీదో పడాల్సిందే. 2019లో ఆయుధాల చట్టం సవరించారు, ఇలా కాల్చి ఎదుటివాళ్ల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ.

ఇళ్లలో ఉన్నవాళ్లు తూటాలు ఒక తాళం కింద, తుపాకీ ఇంకో తాళం కింద పెట్టండి, తాళాలు పిల్లలకు తెలిసిన చోట ఉంచకండి. బోల్టు ఊడొచ్చే రైఫిల్ అయితే బోల్టు కూడా విడిగా దాచండి. పూజ రోజు తూటాలు బయటికి తీయాల్సిన పనే లేదు.

బ్యాంకు మేనేజర్లు గానీ, షాపుల యజమానులు గానీ ఎవరైనా అడిగితే దసరా లోపే వచ్చి గార్డులకి ఒక పూట దగ్గరుండి చూపిస్తాను. డబ్బులు వద్దు. మా వీధిలోనే నాతో పాటు రిటైరైన వాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లూ వస్తామన్నారు. మీ పేపరు ఆఫీసుకి కబురు పెడితే నాకు అందుతుంది.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
నల్లపాడు రోడ్డు, గుంటూరు